రెండు వార్డుల మంచం

పోయిన వారం కళ్ళజోళ్ళక్కని పురపాలక ఆఫీసు గోడ ముందు, చేతిలో భూతద్దంతో వదిలేసి వచ్చాం. వారమంతా అలా నిలబెట్టినందుకు ఆమెకి మన మీద కోపం వచ్చే ఉంటుంది. ఆ గోడకి అంటించింది కొత్త వార్డుల పటం. కాలవ సందు జనమంతా బతిమాలి, బామాలి ఆమెని ఎన్నికల్లో నిలబడటానికి ఒప్పించారో లేదో, పటం మారిపోయింది. గుట్ట మీద ఉండే మెట్ల వార్డుకి ఉన్నట్టుండి ఒక తోక మొలిచింది. ఆ తోక మెట్లవీధి వెంబడి, మనుషులెవరూ ఉండని రాతిగోడల మధ్య నుంచి కిందికి దిగి, ఇంకో ఇంటిని తాకనైనా తాకకుండా సరిగ్గా ఆమె వాకిట్లోకి వచ్చింది. వార్డులో నివాసం లేనివాళ్ళు ఆ వార్డులో పోటీ చెయ్యకూడదు. కాబట్టి కాలవ వార్డులో ఇక మిగిలేది చైర్మన్ గారి బావమరిది ఒక్కడే. అయితే భూతద్దంలో అక్కకి ఇంకో సంగతి కనిపించింది. వార్డు సరిహద్దు గీత ఇంటిని పూర్తిగా మింగలేదు. వాకిట్లోంచి లోపలికి వచ్చి, ఇల్లు సగానికి కోసి ఆగిపోయింది. ముందు గది మెట్ల వార్డు, వెనక గది కాలవ వార్డు.

ఆ సగం ఇంటిని పట్టుకునే అక్క అభ్యంతరం పెట్టింది. ఇవాళ మధ్యాహ్నం దాని మీద విచారణ.

ఆఫీసు హాలు నిండిపోయింది. కాలవ సందు వాళ్ళు పనులు మానుకుని మరీ వచ్చారు. విచారణాధికారి వేరే ఊరి మనిషి, మర్యాదస్తుడే. కాకపోతే ఆయన కళ్ళజోడుకి ఎడమ పక్క మర వదులైంది. కాగితం చూడ్డానికి తల వంచినప్పుడల్లా అది ముక్కు మీదకి జారుతోంది, ఆయన వేలితో పైకి నెడుతున్నాడు. ఏళ్ళ తరబడి ఊళ్ళో వాళ్ళ కళ్ళజోళ్ళు బాగుచేసే అక్కకి అది చూస్తుంటే చేతులు దురదపెట్టాయి. తన బతుకు తేల్చే మనిషి ముందు నిలబడి కూడా ఆ మర గురించి ఆలోచిస్తున్నందుకు తనని తానే తిట్టుకుంది.

చైర్మన్ గారి తరఫు లాయరు ముందు లేచాడు. "ఇంటి నంబరు ముందు తలుపు మీదుందండీ. ఉత్తరాలు వచ్చేదీ ఆ తలుపుకే. ఇల్లు మెట్ల వార్డులో ఉన్నట్టే. ఇందులో విచారించడానికి ఏముంది?"

అధికారి చట్టం పుస్తకం తిప్పాడు. "తలుపు సంగతి ఇందులో లేదండీ. మనిషి ఎక్కడ పడుకుంటే అదే నివాసం. అంతవరకే ఉంది." కళ్ళజోడు పైకి నెట్టుకుని అక్క వైపు చూశాడు. "చెప్పండమ్మా. మీరు ఎక్కడ పడుకుంటారు?"

అక్క చాలా మాటలు సిద్ధం చేసుకుని వచ్చింది. కాలవలో పూడిక తియ్యక వాన పడ్డప్పుడల్లా ఇళ్ళలోకి నీళ్ళెలా వస్తాయో, సందులో అవతలి పక్క ఇళ్ళని మిల్లు యజమానుల వార్డులో కలిపేస్తే వాళ్ళ ఓట్లు సముద్రంలో కాకిరెట్టలా ఎలా అయిపోయాయో చెప్పాలనుకుంది. ఓట్ల పెట్టెలు ఎత్తుకుపోతే దొంగలని అరవొచ్చు, గీతని చూసి ఏమని అరుస్తామని అడగాలనుకుంది. ఆ మాట అద్దం ముందు నిలబడి రెండుసార్లు అనుకుని చూసుకుంది కూడా. వాటిలో ఒక్కటీ ఎవరూ అడగలేదు.

"వెనక గదిలో," అంది.

"మీ వారు?"

ఇంటిగుట్టు లంకకు చేటంటారు. ఇక్కడ గుట్టు చెబితే గాని వార్డు దక్కదు. 

"ముందు గదిలో."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మా అత్తగారు పోయినప్పటి నుంచి. ఏడేళ్ళు."

లాయరు నవ్వాడు. "ఒక కప్పు కింద రెండు వార్డుల కాపురమా! పదవి కోసం కట్టుకున్నవాణ్ణి కూడా పక్క వార్డుకి పంపేస్తారా అమ్మా?"

ఎవరో కిసుక్కుమన్నారు. నవ్వింది చైర్మన్ మనుషులైతే ఆమె పట్టించుకునేది కాదు. ఆ నవ్వు వెనక వరసల్లోంచి, తనవాళ్ళ మధ్యలోంచి వచ్చింది. తిరిగి చూస్తే లాండ్రీ పిన్ని జాలిగా కళ్ళు తుడుచుకుంటోంది. నవ్వే నయమనిపించింది అక్కకి.

కొలతలాయన సర్వే శాఖ బల్ల వెనక, చుట్టిన పటాల పక్కన కూర్చుని ఉన్నాడు. కొలతలాయనంటే అక్క మొగుడే. ఊళ్ళో స్థలాలు కొలిచి గీతలు గీసే ఉద్యోగం, అందుకే ఆ పేరు. ఆయనకి నోట్లో నాలుక లేదని అందరూ అంటారు. అధికారి ఆయన వైపు తిరిగాడు. "మీ ఇల్లే కదా. మీరేమంటారు?"

ఆయన చేతిలో పెన్సిలుని చాలాసేపు చూశాడు. అక్క ఆయన్నే చూసింది. ఔనంటే ఒక్క ముక్క. కాదన్నా ఒక్క ముక్కే.

"ఇల్లు ఎక్కడికీ పోదు సార్. మీరే వచ్చి చూసుకోవచ్చు," అన్నాడు.

"సరే. రేపు పొద్దున్నే వస్తాను," అని అధికారి పుస్తకం మూసేశాడు. ఆమె వెనక గదిలో ఉంటున్నట్టు తేలితే కాలవ వార్డు అభ్యర్థుల్లో పేరు ఉంటుంది, లేకపోతే కొట్టేస్తానని చెప్పి లేచాడు.

ఇంటికి వెళ్ళేటప్పుడు రోజూ అయితే సందు జనమంతా ఆమె చుట్టూ మూగేవాళ్ళు. ఒకరు ఫ్రేము విరిగిందనీ, ఒకరు అక్షరాలు మసగ్గా ఉన్నాయనీ చెబుతూ గుమ్మం దాకా వచ్చేవాళ్ళు. ఇవాళ ఎవరూ రాలేదు. వాళ్ళకి మర్యాద ఎక్కువైంది. ఆమె దాటిపోయే దాకా లాండ్రీ పిన్ని కొట్టు ముందు ఏదో వెతుకుతూ వంగింది. రొట్టెల కొట్టు తాత ఒక్కడే బయటికి వచ్చాడు.

"అమ్మాయ్, మా కాలవ కోసం నీ ఇల్లు వీధిలో పెట్టుకున్నావు," అన్నాడు.

"ఇల్లు వీధిలోనే ఉంది తాతా. ఇన్నాళ్ళూ తలుపులు వేసి ఉన్నాయి, అంతే," అంది నవ్వుతూ.

ఆయన వేడి రొట్టె ఒకటి కాగితంలో చుట్టి ఇచ్చాడు. ఒకటే ఇచ్చాడు. ఇద్దరున్న ఇంటికి ఎప్పుడూ రెండిచ్చే మనిషి. పాపం ఏమీ అనుకోకుండానే ఇచ్చి ఉంటాడు. అక్క మాత్రం ఆ రొట్టె బరువు ఇంటి దాకా మోసింది.

ఆమె ఎప్పుడూ వెనక తలుపులోంచే వస్తుంది. వెనక వసారాలోనే ఆమె కొట్టు. వసారా దాటితే వెనక గది, అందులో అత్తగారి ఇరుకు మంచం. ఆ గదికీ ముందు గదికీ మధ్య ఒక గోడ, గోడలో చిన్న గుమ్మం. ముందు గదిలో పెళ్ళినాడు చేయించిన వెడల్పాటి మంచం. ఆ మంచం మీద ఆయన ఇప్పటికీ గోడ వైపే ముడుచుకుని పడుకుంటాడు. రెండో సగం మీద దుప్పటి ముడత కూడా పడదు. పొద్దున్నే పక్క దులిపేది ఆమె కాబట్టి ఆ సంగతి ఆమెకి తెలుసు.

వాళ్ళు గొడవ పడి విడిపోయిన వాళ్ళు కారు. గొడవ పడి ఉంటే ఎప్పుడో కలిసేవాళ్ళు. అత్తగారు మంచాన పడ్డప్పుడు రాత్రిళ్ళు మంచినీళ్ళు అందించడానికి ఈమె ఆ గదిలోకి మారింది. వెలుతురు పడితే ముసలావిడకి నిద్ర పట్టదని మధ్యలో గోడ కట్టించారు. ముసలావిడ పోయింది. కార్యాలన్నీ అయిపోయాయి. చుట్టాలు వెళ్ళిపోయిన రోజు ఆయన పిలుస్తాడని ఈమె చూసింది. ఆయన పిలవలేదు, ఈమె వెళ్ళలేదు. మర్నాడూ అంతే. ఆ తర్వాత ఎవరు ముందు అనాలో తెలియక ఇద్దరూ మంచివాళ్ళలా ఊరుకున్నారు. మంచితనం కూడా ఒక్కోసారి మనుషుల్ని ఇలా కాల్చుకు తింటుంది.

ఆయన వచ్చేసరికి ఇంకా వెలుతురు ఉంది. కాళ్ళు కడుక్కుని, టిఫిన్ క్యారియర్ ముందు గదిలో బల్ల మీద పెట్టాడు. ఆమె కంచాలు పెట్టలేదు.

"ఆ గోడ సంగతి ఎవరు చెప్పారు?" అంది.

"ఏ గోడ?"

"ఇంట్లో ఎన్ని గోడలున్నాయని? అత్తయ్య కోసం కట్టించిన గోడ. అది ఆఫీసులో ఏ ప్లానులోనూ లేదు. కట్టిన మేస్త్రీ కూడా ఎప్పుడో పోయాడు. దాని కొలత మీకూ నాకూ తప్ప ఎవరికీ తెలీదు. పటాన్ని పై ఆఫీసులో గీశారన్నారు కదా. పై ఆఫీసు గీత సరిగ్గా దాని మీదకే ఎలా వచ్చిందండీ?"

ఆయన క్యారియర్ మూత తీసి, మళ్ళీ పెట్టాడు.

"నేనే గీశాను."

అక్క కుర్చీలో కూర్చుంది. ఊహించిందే. 

"చెప్పింది పై వాళ్ళే. గీసింది నేను. ఇల్లు మొత్తం తీసి మెట్ల వార్డులో కలపమన్నారు. పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. మొత్తం తియ్యడానికి చెయ్యి రాలేదు. తియ్యనని చెప్పడానికి నోరు రాలేదు. ఇంటి నంబరు ముందు తలుపు మీదుంది, అంతవరకు కలిపితే చాలన్నాను. వాళ్ళూ ఒప్పుకున్నారు. పడుకునే చోటు సంగతి వాళ్ళు చూసుకోలేదు."

"మీరు చూసుకున్నారా?"

"చూసుకున్నాను."

పాము చావకుండా కర్ర విరగకుండా బతకడం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య. ఆమెకి ఒళ్ళు మండింది. నాలుగు వందల గడపల ఓట్లతో ఎవరో ఆడుకుంటుంటే పెన్సిలు అందించిన చెయ్యి తన కంచంలో అన్నం తినే చెయ్యేనా అని అరవాలనిపించింది. అరవబోయి ఆగింది. ఎందుకంటే ఆ కోపం కింద ఇంకేదో కదిలింది. తను ఏ గోడకి ఇవతల పడుకుంటుందో, ఆ గోడ ఎంత మందమో, ఏడేళ్ళుగా ఈ మనిషికి అంగుళాలతో సహా గుర్తుంది. మరిచిపోయాడని అనుకుంది తను.

"ఇదిగో," అన్నాడాయన. ఆమెని ఆయన పిలిచే పేరు అదే. "ఇక రాత్రిళ్ళు ఈ గదిలోకి వచ్చెయ్."

ఈ మాట కోసం ఆమె ఎన్ని సాయంత్రాలు వెనక గదిలో దీపం ఆర్పకుండా కూర్చుందో ఆ గదికే తెలుసు. ఆయన దగ్గితే పిలుస్తున్నాడేమోనని లేచి కూర్చున్న రోజులున్నాయి. ఇప్పుడు ఆ మాట వచ్చింది. వినగానే పక్కబట్టలు తేవడానికి ఆమె లేవబోయింది కూడా. సగం లేచి, కుర్చీ చెయ్యి పట్టుకుని ఆగిపోయింది. పొద్దున్నే అధికారి వస్తాడు. ఇవాళ ఈ గదిలో పడుకుంటే కాలవ వార్డు చేజారుతుంది.

"ఎవరు చెప్పమన్నారు?" అంది.

ఆయన క్యారియర్ పక్కకి జరిపాడు.

"మిమ్మల్నే."

"చైర్మన్ గారు. విచారణ అయ్యాక గదిలోకి పిలిచారు. పొద్దున అధికారి వచ్చేసరికి నీ పక్క ముందు గదిలో ఉండాలన్నారు. లేకపోతే నా ఉద్యోగం ఉండదన్నారు."

అక్క నవ్వింది. ఆ నవ్వు ఎలా ఉందో ఆమెకే నచ్చలేదు. "నిజం చెప్పారు, సంతోషం."

"మొత్తం నిజం అది కాదు." ఆయన చేతులు బల్ల మీద పెట్టుకుని వాటితో మాట్లాడాడు. "పిలవాలని మొదటి వారమే ఉంది. నువ్వే వస్తావేమోనని చూశాను. తర్వాత పిలిస్తే ఇన్నాళ్ళూ ఎందుకు పిలవలేదంటావని భయం. ఏడాది దాటాక ఆ భయం ఇంకా పెరిగింది. ఇవాళ వాళ్ళు అనమంటే గాని నా నోరు పెగల్లేదు. నా ఇంట్లో నా మాట అనడానికి నాకు చైర్మన్ కావాల్సి వచ్చాడు."

అబద్ధమాడి ఉంటే ఆమెకి సుఖంగా ఉండేది. తలుపు దడాలున వేసుకుని వెళ్ళిపోయేది.

"రేపు సాయంత్రం పిలవండి," అంది చివరికి. "అధికారి వచ్చి వెళ్ళాక."

"రేపు పిలవగలనో లేదో నాకే తెలీదు."

తనకీ తెలుసు ఆ సంగతి. ఆమె లేచి, రొట్టె సగం తుంచి ఆయన ముందు పెట్టి, మిగతా సగం పట్టుకుని వెనక గదిలోకి వెళ్ళింది. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఇన్నాళ్ళూ సామెత అనుకుంది. ఇప్పుడది వాళ్ళ ఇంటి ప్లాను.

ఇరుకు మంచం మీద కూర్చుని రొట్టె తినబోయి, మళ్ళీ కాగితంలో పెట్టేసింది. కిటికీలోంచి కాలవ సందు కనిపిస్తోంది. ఎవరో ఎవరినో అన్నానికి కేకేస్తున్నారు. లాండ్రీ పిన్ని మొగుడి మీద అరుస్తోంది. ఆ అరుపు విని అక్కకి అసూయ కలిగింది. ఇంతమంది ఓట్లేస్తామంటున్న మనిషి తను, ఒక రొట్టె సగం చేసుకుని తినడానికి ఎదురుగా మనిషి లేడు. తనకి ఏం కావాలో ఆమె సూటిగానే అడుక్కుంది. వార్డు కావాలి. ఆయనా కావాలి. రెండింటికీ మధ్య ఆయన గీసిన గీతే ఉంది.

అప్పుడు ముందు గదిలో ఏదో బరువైనది నేల మీద రాసుకున్న చప్పుడు వినిపించింది. ఆగింది. మళ్ళీ గరగరమని లాగిన చప్పుడు. ఆయన ఆయాసం. ఇంకాస్త దగ్గరగా మళ్ళీ. గుమ్మం తలుపు తోసుకుంటూ పెళ్ళినాటి మంచం తల ఓరగా లోపలికి వచ్చింది. రెండు కోళ్ళు గడప దాటి వెనక గదిలోకి దిగాయి. అక్కడితో దభీమని గుమ్మానికి తగిలి బిగుసుకుపోయింది.

ఊళ్ళో ఎవరి స్థలం ఎంతో వేళ్ళ మీద చెప్పే మనిషి, తన మంచాన్నీ తన గుమ్మాన్నీ కొలుచుకోలేదు.

"ఏమిటండీ ఇది?" అంది మంచం ఇవతల నుంచి.

"నువ్వు ఇటు రాలేవు," అన్నాడు అవతల నుంచి. "నేను అటు రాకూడదని ఎవరూ అనలేదు."

ఆమెకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "మరి మీ ఉద్యోగం?"

"ఆ సంగతి తర్వాత. ముందు ఇది కదలట్లేదు."

అప్పుడే ముందు తలుపు తట్టారు.

"నేనండీ, విచారణాధికారిని." మంచం మీదుగా ఆ గొంతు స్పష్టంగా వినిపించింది. "పొద్దున వస్తానన్నాను గానీ, తెల్లారేలోపు మంచాలు సర్దేస్తారేమోనని లాయరు గారు అనుమానపడుతున్నారు. ఆయన కూడా నాతోనే ఉన్నారు. తలుపు తియ్యండి."

కొలతలాయన గొంతు తగ్గించాడు. "వెనక్కి తోసెయ్. త్వరగా. నువ్వు అటు, నేను ఇటు. మధ్యాహ్నం నువ్వు చెప్పిన మాట చెప్పినట్టే ఉంటుంది. నీ పేరు ఉంటుంది. ఎంత పిలిచినా రాలేదని చైర్మన్ గారికి నేను చెప్పుకుంటాను."

నిజమే. తోస్తే అన్నీ చక్కగా సర్దుకుంటాయి. ఆమెకి వార్డు, ఆయనకి ఉద్యోగం, గోడ ఉన్నచోటే గోడ. లాగితే లాయరు ఊరుకోడు. ఇదంతా నాటకం, ఆఫీసరుగారు వస్తున్నారని మొగుణ్ణి కూడా వెనక్కి లాక్కుందంటాడు. పేరు ఉంటుందో పోతుందో చెప్పలేం. ఆయన ఉద్యోగం మాత్రం ఖాయంగా పోతుంది.

తలుపు మళ్ళీ తట్టారు, ఈసారి గట్టిగా.

కళ్ళజోళ్ళక్క వంగి, తన వైపున్న రెండు కోళ్ళూ పట్టుకుని ఇవతలికి లాగింది.

"మీరు అటు వదలకండి," అంది.